డాక్టరు పాట్రిక్ రస్సెల్ దొరగారి జీవితము

శ్రావణ భాద్రపద మాసములలో గోదావరికి ఎఱ్ఱనీరు దిగినప్పుడు, ధవళేశ్వరము మొదలు యానాము వరకు గట్లమీద కాపురముండువారికి పులసచేపను గూర్చి ఒకరు చెప్పనక్కఱలేదు. పుస్తెలమ్మియైనను దానిని తినవలెనను సామెత మన పిల్లలందఱు నెఱిగినదే. కాని ఆ చేప పేరు, దాని పటముతో కూడ, 1803వ సంవత్సరముననే లండను నగరములో అచ్చుపడిన యొక గ్రంథమున చేరియున్నదని యెఱిగినవారు మనలో అరుదు. ఆ గ్రంథమును వ్రాసినది విశాఖపట్టణమున కొంతకాలము నివసించిన స్కాట్లండు దేశపు వైద్యుడు. ఆయన పేరు డాక్టరు పాట్రిక్ రస్సెల్. ప్రయోగశాలలో సీసాల నడుమను, రేవులో పడవల నడుమను పని చేయగోరు మా విద్యార్థుల కొఱకు ఆయన చరిత్రమును ఇచ్చట వ్రాయుచున్నాను.

రస్సెల్ గారు 1726వ సంవత్సరమున ఎడింబరో నగరమున జన్మించిరి. తండ్రి జాన్ రస్సెల్ గారు న్యాయవాది. ఇంట బిడ్డలు పలువురు. ఆ నగరపు విశ్వవిద్యాలయముననే వైద్యశాస్త్రము చదివి పాట్రిక్ గారు 1750లో పట్టమును పొందిరి. అప్పటికి ఆయన సవతి అన్నగారగు అలెగ్జాండర్ రస్సెల్ గారు సిరియా దేశములోని అలెప్పో పట్టణమున ఆంగ్లవర్తక సంఘము వారికి వైద్యులుగా నుండిరి. తమ్ముడును అచటికే పోయి అన్నకు తోడయ్యెను. 1753లో అన్నగారు స్వదేశమునకు మరలిపోగా ఆ ఉద్యోగము పాట్రిక్ గారికి లభించెను.

అలెప్పోలో ఆయన ఇంచుమించు ఇరువది సంవత్సరములు గడపిరి. అరబ్బీ భాష నేర్చిరి. ఆ దేశపు పాషా ఆయనయందు గౌరవముంచి తలపాగా ధరించు మర్యాద నొసగెను. 1760 మొదలు 1762 వరకు ఆ పట్టణమున ప్లేగు ప్రబలెను. ఆ వ్యాధికి మూలమైన సూక్ష్మక్రిమి 1894లో గాని కనుగొనబడలేదు గనుక, నాటి వైద్యులు చీకటిలో తడవుకొనుచుండిరని చెప్పవలెను. పరదేశపు వర్తకులు తలుపులు బిగించుకొని లోపల కూర్చుండగా, రస్సెల్ గారు తమ మేడ కిటికీయొద్ద నిలిచి, క్రింద వీధిలో నిలువబడిన రోగులను చూచి, ప్రశ్నలడిగి మందు చెప్పుచుండెడివారు. ఈ కిటికీ సంగతి కొందఱికి పిఱికితనముగా తోచవచ్చును. నాకట్లు తోచదు. ఉన్న యొక్క వైద్యుడు చనిపోయినచో ఆ వీధికి దిక్కెవరు? అంతేకాక ఆయన చూచి ఊరకుండలేదు. జ్వరము వచ్చిన దినమేది, గడ్డ లేచిన తావేది, రోగి బ్రదికెనా చచ్చెనా అనునది ఒక్కొక్కరి వృత్తాంతముగా వ్రాసి యుంచిరి. ఆ వ్రాతలే ముప్పదియేండ్ల తరువాత, 1791లో, ప్లేగును గూర్చిన గొప్ప గ్రంథమై వెలువడెను. చూచినదానిని ఆ దినముననే వ్రాయు అలవాటు ఆయనకు అట్లు చేపలకంటె ముందే వచ్చినది.

1772లో ఆయన ఇంగ్లండు చేరి లండనులో వైద్యము సాగించిరి. సర్ జోసెఫ్ బ్యాంక్సు వంటి ప్రకృతిశాస్త్రజ్ఞుల స్నేహము లభించెను. 1777లో రాయల్ సొసైటీ వారు ఆయనను సభ్యునిగా నెన్నుకొనిరి. వయసు ఏబదిదాటినది, వివాహము లేదు, పేరు వచ్చినది. ఇక సుఖముగా కూర్చుండవలసినదే. కాని ఆయన తమ్ముడు క్లాడ్ రస్సెల్ గారికి ఈస్టిండియా కంపెనీవారి కొలువులో విశాఖపట్టణపు ముఖ్యాధికారి పదవి రాగా, ఆ తమ్మునికి తోడుగా పాట్రిక్ గారు 1781లో ఓడనెక్కిరి. అప్పుడాయనకు ఏబదియైదు సంవత్సరములు. మనవారిలో ఆ వయసునకు ఉద్యోగము మానుకొని ఇంటి అరుగెక్కువారే హెచ్చు.

ఆ కాలమున మన తీరమున ప్రకృతిశాస్త్రము నెఱిగినవారు వ్రేళ్లమీద లెక్కింపదగినవారు. సామర్లకోటలో విలియం రాక్సుబరో గారు వైద్యోద్యోగము చేయుచు, మిరియపుతీగెలను పెంచుచు, మొక్కలకు పటములు వ్రాయించుచుండిరి. దక్షిణమున తరంగంబాడి మిషనునకు వైద్యులుగా 1768లో వచ్చిన కోనిగ్ గారు, లిన్నేయసు మహాశయుని శిష్యులు, తరువాత కంపెనీవారి ప్రకృతిశాస్త్రజ్ఞులుగా నియమింపబడిరి. ఈ కోనిగ్ గారు విశాఖపట్టణమున రస్సెల్ గారిని దర్శించిరి. పిమ్మట రక్తగ్రహణితో మంచమెక్కి, 1785 జూను నెలలో మన కాకినాడలోని జగన్నాథపురమున మరణించిరి. సామర్లకోటనుండి రాక్సుబరో గారు వచ్చి తుదివరకు వైద్యము చేసిరి. నేడు జగన్నాథపురపు వంతెన దాటువారిలో ఎందఱికి ఆ సంగతి స్ఫురించును? కోనిగ్ గారి మరణముచే ఖాళీయైన ఆ ఉద్యోగము ఆ సంవత్సరమే రస్సెల్ గారికి వచ్చెను.

ఉద్యోగములో చేరగనే ఆయన మదరాసు ప్రభుత్వమునకు ఒక సూచన పంపిరి. ఉపయోగకరములగు మొక్కల వివరములను కంపెనీ వైద్యులందఱు తామున్న చోటులనుండి సేకరించి పంపవలెననుట దాని సారము. రాక్సుబరో గారి కోరమాండలు తీరపు మొక్కల గ్రంథము 1795లో వెలువడుటకు ఇదియే బీజము. దానికి పీఠిక వ్రాసినవారును రస్సెల్ గారే.

పాముల విషయమున ఆయన చేసిన పని జగత్ప్రసిద్ధము. పాముకాటుచే ప్రతియేట పెక్కుమంది చచ్చుచుండగా, విషముగల పాము ఏదో లేనిది ఏదో తెలియక జనులు ప్రతిదానికిని భయపడుచుండిరి. రెండింటికిని భేదము తెలుపు చిన్న వివరణ మొకటి ఆయన 1787లో వ్రాసిరి. పాములవాండ్రు తెచ్చిన పాములను చూచి, పొట్టక్రింది పొలుసులను తోకక్రింది పొలుసులను లెక్కించి, కోఱలను పరీక్షించి, వారు చెప్పిన తెలుగు పేరును ప్రక్కన వ్రాసిరి. నాగుపాము ఒక్కదానికే చింతనాగు, శంఖునాగు అని ఎన్నో పేర్లు వారు చెప్పిరి. ఆయన పేర్లన్నియు వ్రాసికొనిరి గాని పామును మాత్రము ఒక్కటిగానే లెక్కించిరి. నాటి జనులు గొప్పగా చెప్పుకొను తంజావూరు మాత్రను, అనగా పాషాణము చేర్చిన మందును, పేరు విని నమ్మక పరీక్షించి చూచిరి. ఆ పరీక్షలకు కుక్కలును కోళ్లును బలియైన మాట నిజము. అది చదువునపుడు మనసు నొచ్చును. మన రక్తపింజరను విశాఖవారు కాటుకరేకుల పొడ యనిరట. ఆ పేరును ఆయన ఆంగ్లాక్షరములలో వ్రాసి పటము వేయించిరి. 1797లో ఇంగ్లండు పండితులు ఆ పాముకు ఆయన పేరే పెట్టిరి. బంగారు పాము అను తెలుగుమాటను ఆయన బుంగారుం పామా అని వ్రాసికొనగా, దానినుండియే కట్లపాముల జాతికంతకును బుంగారస్ అను శాస్త్రనామము కలిగినది. చెవికి తోచినట్లు వ్రాసిన తెలుగు ఇట్లు ప్రపంచమంతట తిరుగుచున్నది.

ఇక చేపలు. పాములకంటె చేపల పని కష్టమని ఆ పని చేసినవారే చెప్పగలరు. వలనుండి తీసిన చేప ఎండలో గంటసేపున్న, దాని వన్నెలు మాయును. వీపుమీది పచ్చదనము నల్లబడును, ప్రక్కల వెండి వెలవెలబోవును, కన్ను లోనికి పోవును. రెండవపూటకు వాసన. మంచుగడ్డ లేని కాలమది, ఫార్మలిను లేదు, సారాయములో ముంచియుంచుట లేక చర్మమొలిచి ఎండబెట్టుట, ఈ రెండే దారులు. సారాయములో వేసిన చేప ఆకారము నిలుచును గాని రంగు నిలువదు. కావున ఈ పనిలో ఒక క్రమము తప్పదు. మొదట చిత్రము, తరువాత కొలత, తరువాత వాజములలోని ముండ్లను, మెత్తని ఈనెలను లెక్కించుట, కట్టకడపట సీసా. ఈ క్రమము తప్పినచో చేప మిగిలినను దానిని గూర్చిన సత్యము మిగులదు.

రస్సెల్ గారి గ్రంథములో రెండువందల చేపలు కలవు. ఒక్కొక్క చేపకు ఒక పటము, ఆకారవర్ణన, ఈనెల లెక్క, తీరవాసులు దానిని పిలుచు పేరు. పటములు వ్రాసినది ఈ దేశపు చిత్రకారులు. చేపను తెచ్చి పేరు చెప్పినది విశాఖతీరపు జాలరులు. గ్రంథపు తొలిపుటమీద చిత్రకారుల పేర్లు గాని జాలరుల పేర్లు గాని లేవు. కంపెనీ డైరెక్టర్ల ఆజ్ఞయు, రస్సెల్ గారి పేరును మాత్రమే కలవు. నాటి ఆచారము అట్టిదని సరిపెట్టుకొనవచ్చును, కాని నాకు ఆ పుటను తలచినప్పుడెల్ల ఆ ఖాళీయే కనబడును. అయినను వారి మాట మాత్రము గ్రంథమంతట వినబడుచునే యున్నది. పండుమేను, కానగుర్త, కచ్చెలి, తెల్లకచ్చెలి, కొమ్ముసొర, పాలసొర: ఇవి దొరగారు కల్పించిన పేర్లు కావు, తెప్పలమీద పుట్టిన పేర్లు. పండుమేనును మన జిల్లాలలో పండుగప్ప యందురు. కచ్చెలి పేరు నేడు కచిడి యని పత్రికలలో, వేలపాటల వార్తలలో చదువుచున్నాము.

ఐరోపాలోని పండితులు అప్పటికే చేపలకు లిన్నేయసు పద్ధతిని రెండుమాటల లాటిను పేర్లు పెట్టుచుండిరి. రస్సెల్ గారికి ఆ పద్ధతి తెలియక కాదు. చేప ఏ జాతిలో చేరునో చూపుచునే, దానిని గుర్తించుటకు మాత్రము ఊరి పేరునే ముందుంచిరి. ఇందువలన కలిగిన మేలు నాటివారికంటె మనకే యెక్కువగా తెలియును. లాటిను పేర్లు ఎన్నిసార్లో మారినవి, జాతులు చీలినవి, మరల కలిసినవి. కాని కాకినాడ రేవులోగాని విశాఖ రేవులోగాని దిగి కానగుర్త యేదని యడిగినచో నేటికిని ఆ చేపనే చూపుదురు. పారిసు నగరమున కువియే అను మహాపండితుడు, విశాఖతీరమును ఎన్నడును చూడనివాడు, రస్సెల్ గారి పటమునే ఆధారముగా గొని 1816లో ఆ చేపకు కానగుర్త యను మాటనే శాస్త్రనామముగా నిలిపెను. నేడు ఎఱ్ఱసముద్రము మొదలు పసిఫిక్ సముద్రము వరకు ఆ చేపను గూర్చి వ్రాయు శాస్త్రజ్ఞులందఱు ఆ తెలుగుమాటను వ్రాయుచున్నారు.

లోపములు లేవని చెప్పను. ఒక రేవులోని పేరు పది మైళ్ల దూరమున మఱొకటి యగును. చేప చిన్నదిగా నున్నప్పుడు ఒక పేరు, పెరిగినపిమ్మట మఱొక పేరు కలుగుట మన యెఱుకలోనిదే. అట్టిచోట పేరొక్కటే నమ్మిన పొరపడుట తథ్యము. తెలుగు అక్షరములు గ్రంథమున లేవు. ఆంగ్లాక్షరములలో హ్రస్వమునకు దీర్ఘమునకు భేదము నిలువక కొన్ని మాటలు నేడు మనకే గుర్తింపరానట్లున్నవి. పాముల పటములకు రంగులద్దిరి గాని చేపల పటములు నల్లని గీతలతోనే వెలువడెను. అయినను ఈనెల లెక్కయు, కొలతయు ప్రక్కన నుండుటచేత, పేరు తప్పినచోట పటము, పటము చాలనిచోట లెక్క, ఒకదాని నొకటి దిద్దుచున్నవి.

1789 జనవరిలో రస్సెల్ గారు ఈ దేశమును విడిచిరి. లండనులో మిగిలిన పదునాఱేండ్లు తెచ్చిన చిత్రములను వ్రాతలను అచ్చునకు సిద్ధము చేయుటలోనే గడచెను. 1791లో ప్లేగు గ్రంథము. 1794లో అన్నగారు పూర్వము వ్రాసిన అలెప్పో చరిత్రకు పెంచిన రెండవ కూర్పు. 1796లో పాముల గ్రంథపు మొదటి సంపుటము. 1803లో రెండు సంపుటములుగా విశాఖపట్టణపు చేపలు. అప్పటికాయనకు డెబ్బదియాఱు దాటెను. పాముల గ్రంథపు రెండవ సంపుటము భాగములుగా వెలువడుచుండగనే, 1805 జూలై 2వ తేదీన లండనులో మరణించిరి. మిగిలిన భాగములు 1809 నాటికి పూర్తిచేయబడెను.

పులస మాటకు మరల వత్తము. రస్సెల్ గారు దానిని పలాసా యని వ్రాసిరి. కాని లాటిను జంటపేరు పెట్టలేదు గదా. శాస్త్రలోకపు నియమము ప్రకారము మొదట సరియైన జంటపేరు పెట్టినవారిదే హక్కు. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ గారు గంగానది చేపలను గూర్చి వ్రాయుచు, బంగాళీలు పిలుచు ఇలిశ యను పేరునే దీనికి శాస్త్రనామముగా పెట్టిరి. కువియే గారు రస్సెల్ గారి పటమునుబట్టి పలాసా యను శాస్త్రనామమును 1829లో గాని పెట్టలేదు. ఏడేండ్ల ఆలస్యమున మన మాట వెనుకబడెను. అయినను అది వెంటనే పోలేదు. మదరాసు సైన్యవైద్యులును, తరువాత చేపల శాఖకు ప్రధాన పరీక్షకులును అయిన ఫ్రాన్సిస్ డే గారు 1873లో ప్రకటించిన నివేదికలో ఈ చేపను పలాసా పేరుతోనే వ్యవహరించిరి. ధవళేశ్వరపు ఆనకట్ట 1852 నాటికే పూర్తియై యుండెను. నదులకు అడ్డముగా కట్టిన ఆనకట్టలు గ్రుడ్లు పెట్టుటకు ఎగువకు పోవు ఈ చేపకు అడ్డుపడుచున్నవనియు, చేపలు ఎక్కిపోవుటకు దారులు విడువవలెననియు ఆయన హెచ్చరించిరి. ఆనకట్ట మన పొలములకు అన్నము పెట్టినదనుట సత్యము. గోదావరి పులస ఆ గట్టుక్రిందనే ఆగిపోవుటయు సత్యము. భారతదేశపు చేపలను గూర్చిన తమ మహాగ్రంథమున, 1878 నాటికి, డే గారును ఇలిశ పేరునే తలకెత్తి, పలాసాను తెలుగువారి పేరుగా క్రింద చేర్చిరి. నేడు శాస్త్రగ్రంథములలో దాని స్థానము అదియే.

రస్సెల్ గారు ఒంటరిగా చేసిన పనికి నేడు సంస్థలు కలవు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ 1947లో స్థాపింపబడెను. విశాఖపట్టణమున దానికి కేంద్రము కలదు. అట్టి సంస్థల పనివారు నియమించిన దినములలో తెల్లవారకముందే రేవునకు పోయి, వచ్చిన పడవలలో కొన్నిటిని ఏరి, ఎన్ని గంటలు వల వేసిరో అడిగి, చేపలను కొలపలకమీద పరచి పొడవు, త్రాసులో బరువు వ్రాసికొందురు. కొన్నిటిని మంచులో పెట్టి ప్రయోగశాలకు తెచ్చి, కడుపు కోసి తిన్న ఆహారమేమో, గ్రుడ్లు ఏ దశలో నున్నవో చూతురు. తలలోని చెవిరాతియందలి వలయములను లెక్కించి వయసు నిర్ణయింతురు. వేలపాట మొదలగులోపల పని ముగియవలెను, ఏలయన పాట పాడువాడు శాస్త్రజ్ఞుని కొఱకు ఆగడు.

నేను చదువుకొన్న యొక చోట, ప్రయోగశాల బీరువాలో పెద్ద సీసా యొకటి యుండెడిది. లోపల జానెడు చేప, పాలిపోయి తెల్లబడినది. బయట అంటించిన చీటీ ఏనాడో ఊడిపోయెను. ఏ చేప, ఏ నీటిది, ఏ నెలలో పట్టిరి అని యడిగిన చెప్పువారు లేరు. పారవేయుటకు ఎవరికిని మనసు రాదు. నేను ఉపాధ్యాయుడనైన పిమ్మట మా పిల్లలకు మొదట నేర్పినది చీటీ వ్రాయుట. గట్టి కాగితముమీద పెన్సిలుతో వ్రాసి, చేపతోబాటు సీసా లోపలనే వేయవలెను. సిరా కరగిపోవును, పెన్సిలు గీత కరగదు.

గడచిన వరదకాలమున పిల్లలు తెచ్చినవి ఎనిమిది సీసాలైనవి. జెల్ల, ఇసుకదొందు, కొయ్యంగ మొదలగువానికి తగవు రాలేదు. ఎనిమిదవదానిలో బెత్తెడు పొడవుగల వెండిచేప. వలలో చిక్కి చచ్చినది గనుక తెచ్చితిమనిరి. అంతర్వేది పిల్లవాడు దానిని విలస యనెను. బొబ్బర్లంక పిల్లవాడు అది పులసపిల్ల యని పట్టుబట్టెను. పొట్ట అంచుననున్న రంపపు పొలుసులను ఇద్దఱిచేతను లెక్కపెట్టించితిని. లెక్క యిద్దఱికిని ఒక్కటే వచ్చెను. చీటీమీద రెండు పేర్లును, ఏ పేరు ఏ యూరివారిదో ఆ యూరిపేరును, పట్టిన తేదీని వ్రాయించి, ఇద్దఱి పేర్లును క్రింద చేర్పించి సీసా మూసితిమి.